డీబీఈ గుర్తింపు పునఃపరిశీలన: అమెరికా రవాణా కాంట్రాక్టుల్లో ఉన్న మనవాళ్లు ఇప్పుడేం చేయాలి?

నిర్మల_డాలస్:

అందరికీ నమస్కారం. నేను డాలస్‌లో ఒక చిన్న ట్రాఫిక్ సర్వే సంస్థ నడుపుతున్నాను. కూడళ్ల దగ్గర ఏ వైపు నుంచి ఎన్ని వాహనాలు వచ్చి ఎటు తిరుగుతున్నాయో లెక్కించడం, రోడ్డుకు అడ్డంగా రబ్బరు గొట్టాలు పరిచి వాహనాల సంఖ్యను, వేగాన్ని నమోదు చేయడం, ఆ లెక్కలను బట్టి సిగ్నళ్ల సమయాలు సూచించడం మా పని. రాష్ట్ర రవాణా శాఖ నుంచో నగరాల నుంచో ప్రాజెక్టులు తీసుకున్న పెద్ద ఇంజనీరింగ్ కంపెనీలు ఈ భాగాన్ని మాకు సబ్ కాంట్రాక్టుగా ఇస్తుంటాయి. 2019లో మా సంస్థకు డీబీఈ గుర్తింపు, అంటే సామాజికంగా, ఆర్థికంగా ప్రతికూల పరిస్థితుల్లో ఉన్న యజమాని నడిపే చిన్న సంస్థ అనే గుర్తింపు వచ్చింది. అప్పుడు మహిళగానూ, భారత ఉపఖండ మూలాలున్న వ్యక్తిగానూ నన్ను ఆ కోవలోకి చేర్చుకున్నారు.

ఇప్పుడు గుర్తింపు ఇచ్చిన కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. పాత గుర్తింపును మళ్లీ పరిశీలిస్తామనీ, నా జీవితంలో ఎదురైన ఆటంకాలను వివరిస్తూ ఒక వ్యక్తిగత కథనాన్ని, దానితో పాటు నా నికర ఆస్తి పత్రాన్ని పంపాలనీ అందులో ఉంది. ఏం రాయాలి, ఎంత రాయాలి, పంపకపోతే ఏమవుతుంది అనేది నాకు స్పష్టంగా తెలియడం లేదు. అనుభవం ఉన్నవారు చెబితే నాకే కాక ఇదే ఉత్తరం అందుకున్న మరికొందరికి కూడా ఉపయోగపడుతుంది.

రహదారి_ఇంజనీరు:

నిర్మల గారూ, నేను ఒక రాష్ట్ర రవాణా శాఖలోని పౌర హక్కుల విభాగంలో ఇలాంటి దరఖాస్తులను పరిశీలించే పని చాలాకాలం చేశాను. ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేను కాబట్టి స్వేచ్ఛగా రాయగలను. మీ ప్రశ్నకు జవాబు చెప్పేముందు ఈ మార్పు ఎలా వచ్చిందో కొంత చెప్పాలి. అది తెలియకపోతే కథనంలో ఏది రాయకూడదో అర్థం కాదు.

రవాణా నిధుల్లో కనీసం 10 శాతం ఇలాంటి చిన్న సంస్థలకు చేరాలన్న లక్ష్యం 1983 జనవరిలో సంతకమైన చట్టంతో వచ్చింది. మహిళలను 1987లో చేర్చారు. ప్రభుత్వం జాతి ప్రాతిపదికన చేసే ఏ వర్గీకరణనైనా న్యాయస్థానాలు అత్యంత కఠినంగా పరిశీలించాలని 1995లో అదరాండ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పడంతో, నియమాలను తిరగరాసి 1999లో కేంద్ర నియమావళిలో 49 సీఎఫ్ఆర్ 26వ భాగంగా తెచ్చారు. మొన్నటిదాకా నడిచిన పద్ధతికి మూలం అదే. నల్లజాతివారు, హిస్పానిక్‌లు, అమెరికా ఆదివాసులు, ఆసియా పసిఫిక్ వారు, ఉపఖండ ఆసియావారు, మహిళలు ప్రతికూల పరిస్థితుల్లో ఉన్నట్టేనని ముందే భావించేవారు. ఉపఖండ ఆసియావారంటే భారత్, పాకిస్థాన్, బంగ్లాదేశ్, భూటాన్, మాల్దీవులు, నేపాల్, శ్రీలంక మూలాలున్నవారు. ఆ జాబితాలో లేనివారు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు గానీ, తమ కష్టాన్ని విడిగా రుజువు చేసుకోవాల్సి వచ్చేది.

కెంటకీలోని ఫెడరల్ కోర్టులో మిడ్ అమెరికా మిల్లింగ్ కంపెనీ, మరో రవాణా సంస్థ కలిసి వేసిన కేసులో 2024 సెప్టెంబర్‌లో న్యాయమూర్తి ఈ ముందస్తు భావనను తప్పుబట్టి, ఆ ఇద్దరు వాదుల మేరకు దాని అమలును ఆపారు. 2025 మే నెలలో కేంద్ర రవాణా శాఖే తన వైఖరి మార్చుకుని వాదులతో ఒక ఒప్పందానికి వచ్చింది. చివరికి 2025 అక్టోబర్ 3న ప్రచురించిన మధ్యంతర తుది నియమం జాతి, లింగం ఆధారంగా ఉన్న ముందస్తు భావనను పూర్తిగా తీసేసింది. అది ఆ రోజు నుంచే అమలులోకి వచ్చింది. విమానాశ్రయాల్లో దుకాణాలు నడిపేవారికి ఉన్న ఏసీడీబీఈ గుర్తింపుకు కూడా ఇది వర్తిస్తుంది.

దీని ఫలితం రెండు విధాలుగా ఉంది. మొదటిది, ఇప్పటికే గుర్తింపు ఉన్న ప్రతి సంస్థనూ ఆయా రాష్ట్రాల ఏకీకృత గుర్తింపు వ్యవస్థ మళ్లీ పరిశీలించాలి. టెక్సస్‌లో రాష్ట్ర రవాణా శాఖ, ఆస్టిన్, హ్యూస్టన్ నగరాలు, మీ ప్రాంతంలోని నార్త్ సెంట్రల్ టెక్సస్ రీజినల్ సర్టిఫికేషన్ ఏజెన్సీ వంటివి ఆ వ్యవస్థలో భాగం. రెండవది, ఆ పరిశీలన ముగిసేదాకా రాష్ట్రాలు కొత్త కాంట్రాక్టుల్లో డీబీఈ లక్ష్యాలు, అంటే పనిలో ఇంత శాతం డీబీఈలకు ఇవ్వాలన్న షరతులు, పెట్టకూడదు, డీబీఈలకు వెళ్లిన సొమ్మును తమ మొత్తం లక్ష్యం కింద లెక్కించుకోకూడదు. మీరు కథనం పంపకపోతే మీ గుర్తింపు నిలిచే అవకాశం లేదు. అందుచేత ఆ ఉత్తరాన్ని పక్కన పెట్టకండి, అందులో ఉన్న గడువును ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

కథనం గురించి నియమం చెప్పేది చాలా స్పష్టంగా ఉంది. చదువులోగానీ, ఉద్యోగంలోగానీ, వ్యాపారంలోగానీ మీ ఎదుగుదలకు అడ్డుపడిన ఆర్థిక ఇబ్బందులను, వ్యవస్థాగతమైన ఆటంకాలను, చేజారిన అవకాశాలను నిర్దిష్టమైన సంఘటనలతో చూపాలి. మీలాంటి స్థితిలోనే ఉండి అలాంటి ఆటంకాలు లేనివారికి దొరికే షరతుల మీద మీకు అప్పు దొరకకపోవడం కూడా అందులోకి వస్తుంది. ప్రతి ఆటంకం మీకు ఏ రకమైన ఆర్థిక నష్టం, ఎంత మేరకు కలిగించిందో చెప్పాలి. నిర్ణయం పూర్తిగా గానీ, కొంత మేరకు గానీ జాతి మీదా లింగం మీదా ఆధారపడకూడదు. కాబట్టి ‘నేను భారతీయ మహిళను, ఈ రంగంలో భారతీయ మహిళలకు కష్టం’ అని రాస్తే అది కథనం కాదు, చెల్లదు. మీకు ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, దానివల్ల మీరు ఎంత నష్టపోయారు అన్న మూడు విషయాలూ ప్రతి సంఘటనలో ఉండాలి.

ఇంకొక మాట మన తెలుగువారి కోసం ప్రత్యేకంగా చెప్పాలి. చాలామంది తమ కథనాన్ని ఊళ్లో పడిన కష్టాలతో మొదలుపెడతారు. కరువులో పొలం అమ్ముకోవడం, కాలేజీ ఫీజుకు అప్పు చేయడం, కులం పేరుతో పడిన అవమానాలు, ఇవన్నీ నిజమే, బాధాకరమే. అయితే సామాజిక ప్రతికూలత అన్నది అమెరికా సమాజంలో ఎదురైన అనుభవం నుంచి రావాలి తప్ప వేరే దేశంలో జరిగిన దాన్నుంచి కాదని కేంద్ర ప్రభుత్వంలోని చిన్న వ్యాపారాల సంస్థ (ఎస్‌బీఏ) నియమాలూ, ఇదే 26వ భాగానికి చేర్చిన పాత అనుబంధమూ చెబుతూ వచ్చాయి. ఆ కష్టాలను నేపథ్యంగా రెండు వాక్యాల్లో చెప్పి, కథనం బరువంతా ఇక్కడ జరిగిన సంఘటనల మీద ఉంచాలి. ఇక్కడి కులవివక్ష, అంటే అమెరికాలోనే ఒక యజమానో భాగస్వామో కులం చూసి అవకాశం ఎగ్గొట్టిన సంఘటన ఎవరికైనా ఉంటే, దాన్ని తేదీలతో, ఆధారాలతో రాయడానికి వెనుకాడవద్దు.

న్యూజెర్సీ_శ్రీను:

రహదారి_ఇంజనీరు గారూ, చాలా విలువైన సమాచారం ఇచ్చారు. నాది ఐటీ స్టాఫింగ్ కంపెనీ. మా రాష్ట్రంలో రవాణా సంస్థలకు ఐటీ నిపుణులను పంపే పనుల్లో అడుగుపెట్టాలని ఉంది. కంపెనీలో 51 శాతం వాటాను మా ఆవిడ పేరుకు బదిలీ చేసి గుర్తింపు తీసుకోవాలని కొందరు మిత్రులు సలహా ఇచ్చారు. ఇప్పుడు మహిళలకు ముందస్తు భావన లేదు కాబట్టి ఇది ఉపయోగపడుతుందా అన్నది నా సందేహం. ఆవిడ ప్రస్తుతం వేరే కంపెనీలో పూర్తికాల ఉద్యోగం చేస్తున్నారు.

రహదారి_ఇంజనీరు:

శ్రీను గారూ, ఉపయోగపడదు, అంతకు మించి ప్రమాదకరం కూడా. ముందస్తు భావన ఉన్న రోజుల్లో కూడా ఇది నిలిచే పద్ధతి కాదు. 51 శాతం యాజమాన్యం అన్నది మొదటి మెట్టు మాత్రమే. ఆ వాటా కోసం ఆవిడ పెట్టిన పెట్టుబడి నిజమైనదై ఉండాలి. మీరు రాసిచ్చిన వాటాను, కాగితం మీద చూపిన బహుమతిని పరిశీలకులు చాలా లోతుగా తవ్వి చూస్తారు. ఆ తరువాత అసలైన పరీక్ష నియంత్రణ. రోజువారీ పనులనూ, దీర్ఘకాలిక నిర్ణయాలనూ ఆవిడే నడపాలి, ఆ రంగం గురించి ఆవిడకే అవగాహన ఉండాలి. వేరే చోట పూర్తికాల ఉద్యోగం చేస్తూ ఇది చేస్తున్నానంటే ఏ పరిశీలకుడూ నమ్మడు.

నేను చేసిన ముఖాముఖిలు ఎలా ఉండేవో చెబుతాను. యజమానిని ఎదురుగా కూర్చోబెట్టి, ఆ సంస్థ వేసిన ఇటీవలి ధర ప్రతిపాదన ఒకటి బల్ల మీద పెట్టేవాళ్లం. ఈ గంట ధర ఎలా వచ్చింది, ఇందులో ఓవర్‌హెడ్ ఎంత శాతం పట్టారు, ఆ శాతానికి ఆధారం ఏమిటి, ఈ ఉద్యోగికి జీతం నిర్ణయించింది ఎవరు, బ్యాంకు ఖాతా మీద సంతకం ఎవరెవరిది అని అడిగేవాళ్లం. నిజంగా సంస్థను నడిపే మనిషి, కాగితం చూడకుండానే ఆ ప్రాజెక్టులో ఎక్కడ నష్టం వచ్చిందో కూడా చెప్పేస్తారు. పేరుకు మాత్రమే యజమాని అయినవారు మొదటి ప్రశ్నకే పక్కనున్న భర్త వైపో, బావమరిది వైపో చూస్తారు.

బినామీ పద్ధతి ఎక్కడికి దారితీస్తుందో తెలుసుకోవాలంటే పెన్సిల్వేనియాలో జరిగిన షుయ్‌ల్‌కిల్ ప్రాడక్ట్స్ కేసు చూడండి. 15 ఏళ్ల పాటు సాగిన ఈ మోసాన్ని డీబీఈ కార్యక్రమ చరిత్రలోనే అతి పెద్దదిగా న్యాయశాఖ పేర్కొంది. మారికీనా అనే గుర్తింపు పొందిన సంస్థ పేరు మీద 136 మిలియన్ డాలర్లకు పైగా విలువైన కాంట్రాక్టులు తీసుకుని, పనులన్నీ షుయ్‌ల్‌కిల్ సంస్థే చేసుకుంది. మారికీనా యజమాని ఫిలిప్పీన్స్ మూలాలున్న వ్యక్తి, అంటే అర్హత ఉన్న వర్గానికి చెందినవాడే. ఆయన తన సంస్థ పేరును వాడుకోనిచ్చాడు, అక్కడే నేరం జరిగింది. షుయ్‌ల్‌కిల్ సహ యజమానికి 2014లో ఏడేళ్ల జైలుశిక్ష పడింది. మీ ఆవిడ నిజంగా ఆ వ్యాపారంలోకి రావాలనుకుంటే రానివ్వండి, తన సొమ్ముతో, తన అనుభవంతో, తన పేరు మీద. గుర్తింపు సంగతి ఆ తరువాత చూడవచ్చు.

స్టాఫింగ్ విషయంలో ఇంకో అడ్డంకి ఉంది. డీబీఈ తన వంతు పనిలో కనీసం 30 శాతం సొంత సిబ్బందితో చేయకపోతే అది వాణిజ్యపరంగా ఉపయోగకరమైన పని చేయడం లేదని భావిస్తారు. మధ్యలో నిలబడి మనుషులను అటు నుంచి ఇటు పంపే వ్యాపారం ఈ పరీక్షలో నిలవడం కష్టం.

న్యూజెర్సీ_శ్రీను:

స్పష్టంగా చెప్పినందుకు ధన్యవాదాలు. ఆ ఆలోచన విరమించుకుంటున్నాను.

లెక్కల_మాస్టారు:

నేను అకౌంటెంట్‌ని. మనవాళ్ల పన్నుల లెక్కలు, ఇలాంటి దరఖాస్తులకు నికర ఆస్తి పత్రాలు తయారు చేస్తుంటాను. కథనం మీద చర్చ బాగా జరుగుతోంది గానీ, మనవాళ్ల దరఖాస్తులు ఎక్కువగా చిక్కుల్లో పడేది ఆస్తి పత్రం దగ్గర కాబట్టి దాని గురించి వివరంగా రాస్తాను.

వ్యక్తిగత నికర ఆస్తి పరిమితి మొదట్లో 7,50,000 డాలర్లు ఉండేది. 2011లో 13,20,000కు పెంచారు. 2024 నియమంతో అది 20,47,000 డాలర్లు అయింది. అదే నియమం పదవీ విరమణ ఖాతాల్లోని సొమ్మును లెక్కలోంచి తీసేసింది. మనవాళ్లలో చాలామందికి 401కే ఖాతాలో పెద్ద మొత్తమే ఉంటుంది కనుక ఇది నిజంగా మేలు చేసిన మార్పు. నివసించే ఇంటిలో మీ వాటా విలువ, దరఖాస్తు చేస్తున్న సంస్థలో మీ వాటా విలువ కూడా లెక్కలోకి రావు.

ఇక లెక్కలోకి వచ్చేవాటి గురించి. ఇండియాలో ఉన్న ఆస్తులు ఇక్కడి ప్రభుత్వానికి సంబంధం లేనివని మనవాళ్లు అనుకుంటారు. అది పొరపాటు. కొండాపూర్‌లో కొన్న ఫ్లాట్, అమరావతి దగ్గర తీసుకున్న ప్లాట్, గుంటూరులో అద్దెకిచ్చిన దుకాణం, పల్లెలో మీ పేరు మీద రిజిస్టరైన పొలం, ఎన్ఆర్ఈ ఖాతాలోని ఫిక్స్‌డ్ డిపాజిట్లు, మ్యూచువల్ ఫండ్లు, ఇవన్నీ మీ ఆస్తులే. వాటిని ప్రస్తుత మార్కెట్ విలువతో చూపాలి. రిజిస్ట్రేషన్ శాఖ నిర్ణయించిన ప్రభుత్వ విలువ వేస్తే పరిశీలకుడు ఒప్పుకోకపోవచ్చు, ఎందుకంటే మన దగ్గర ఆ విలువకూ వాస్తవ ధరకూ మధ్య తేడా అందరికీ తెలిసిందే. స్థానిక విలువ నిర్ధారకుడి నివేదిక ఒకటి తెప్పించుకుని జతచేయడం మంచిది. ఎవరికైనా చేబదులు ఇచ్చి ఉంటే, తిరిగి రావలసిన ఆ మొత్తం కూడా ఆస్తే.

ఉమ్మడి ఆస్తి విషయంలో తొందరపడకండి. తాతల నాటి పొలం ఇంకా పంపకాలు కాకుండా తండ్రి పేరు మీదో, తాత పేరు మీదో ఉంటే, పాస్‌బుక్ ఎవరి పేరుతో ఉందో, మీకు చట్టరీత్యా ఎంత వాటా వస్తుందో అక్కడి న్యాయవాదితో రాయించుకుని ఆ మేరకు వివరించండి. దాన్ని దాచిపెట్టడం కంటే ‘ఈ ఆస్తి ఉంది, దాని స్థితి ఇది’ అని రాయడమే క్షేమం. మీ పన్ను పత్రాల్లో విదేశీ ఖాతాల వివరాలు ఎలాగూ ఉంటాయి, పరిశీలకుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తాడు.

పరిమితి దాటిపోతుందన్న భయంతో దరఖాస్తుకు ముందు ప్లాట్‌ను తమ్ముడి పేరుకో, తల్లి పేరుకో మార్చేవారు ఉన్నారు. గత రెండేళ్లలో దగ్గరి కుటుంబ సభ్యులకు బదిలీ చేసిన ఆస్తిని మళ్లీ మీ ఖాతాలోనే కలిపి లెక్కిస్తారు. చదువుకో, వైద్యానికో ఇచ్చిన సొమ్ముకు మినహాయింపు ఉంది గానీ, ఇలాంటి బదిలీకి లేదు. అలాగే బంధువుల అప్పుకు మీరు పెట్టిన హామీ సంతకం వంటి, ఇంకా భారంగా మారని బాధ్యతలను చూపించి నికర ఆస్తిని తగ్గించుకోలేరు.

సంస్థ పరిమాణానికి కూడా పరిమితి ఉందని మరిచిపోకండి. చిన్న వ్యాపారాల సంస్థ ఆయా వ్యాపార రంగాల కోడ్‌ను బట్టి పరిమితి నిర్ణయిస్తుంది. ఇంజనీరింగ్ సేవలకు అది ఏడాదికి సగటున 25.5 మిలియన్ డాలర్ల ఆదాయం. మన చర్చలో ఉన్న సంస్థలకు అది ఇబ్బంది కాదు.

భాగ్యలక్ష్మి_పాలకొల్లు:

మాస్టారు గారూ, పెళ్లిలో పెట్టిన బంగారం కూడా చూపాలా? అది మా అత్తగారి లాకర్‌లో పాలకొల్లులోనే ఉంది.

లెక్కల_మాస్టారు:

అమ్మా, అది మీ సొంతమైతే నగలను కూడా వ్యక్తిగత ఆస్తిగా చూపండి, లాకర్ ఎక్కడ ఉందన్నది ముఖ్యం కాదు. ఉజ్జాయింపు తూకం, ఇప్పటి ధర వేసి ఒక పంక్తిలో రాస్తే సరిపోతుంది. అత్తగారి నగలు అత్తగారివే, వాటిని కలపనక్కరలేదు. టెక్సస్, కాలిఫోర్నియా వంటి ఉమ్మడి దాంపత్య ఆస్తి ఉన్న రాష్ట్రాల్లో పెళ్లయ్యాక సంపాదించిన వాటిలో సగం మీదిగా లెక్కవుతుందని గుర్తుంచుకోండి.

తుంగభద్ర_తీరం:

నేను హెచ్1బీ మీద ఉన్నాను. నిర్మాణ పనుల తనిఖీ రంగంలో అనుభవం ఉంది. మిత్రుడితో కలిసి సంస్థ పెట్టి గుర్తింపుకు వెళ్లవచ్చా?

రహదారి_ఇంజనీరు:

గుర్తింపుకు ఆధారమయ్యే యజమాని అమెరికా పౌరుడైనా కావాలి, చట్టబద్ధ శాశ్వత నివాసి అయినా కావాలి. గ్రీన్ కార్డు వచ్చేదాకా మీరు ఆ 51 శాతంలో భాగం కాలేరు. మీ మిత్రుడికి అర్హత ఉండి, అతనే నడిపితే అది అతని సంస్థ. ఇక ఆ సంస్థలో మీరు పని చేయాలంటే హెచ్1బీ షరతులు వేరే విషయం, దానికి వలస న్యాయవాదిని అడగండి.

వేణు_షికాగో:

నేను ఇల్లినాయిస్‌లో రహదారి పక్కన గార్డ్‌రైలు, కాంక్రీటు అడ్డుగోడలు వేసే పనులు చేస్తాను. ఇక్కడ రాష్ట్ర రవాణా శాఖ, షికాగో నగరం, బస్సులూ రైళ్లూ నడిపే సీటీఏ, మెట్రా, పేస్ సంస్థలు కలిసి ఒకే గుర్తింపు వ్యవస్థ నడుపుతాయి. నిర్మల గారికి నేను చెప్పదలచుకున్నది ఇది. లక్ష్యాలు నిలిపివేశారు కాబట్టి గుర్తింపు నిలుపుకోవడం వృథా అని కొందరు అంటున్నారు. నేను ఒప్పుకోను.

లక్ష్యం వల్ల ప్రైమ్ కాంట్రాక్టర్, అంటే ప్రభుత్వం నుంచి నేరుగా పని తీసుకున్న ప్రధాన కాంట్రాక్టర్, మనకు ఫోన్ చేసేవాడు, అది నిజం. కానీ ఫోన్ చేయడానికీ, పని ఇవ్వడానికీ, డబ్బు ఇవ్వడానికీ మధ్య చాలా దూరం ఉంటుంది. కొన్నేళ్ల క్రితం ఒక పెద్ద కాంట్రాక్టర్ నా పేరును తన టెండరులో రాసుకుని పని గెలిచాడు. తరువాత నా దగ్గర ధర తగ్గించమని అడిగి, తగ్గించనంటే మరొకరితో చేయించుకుంటానన్నాడు. టెండరులో పేరు రాసిన డీబీఈని, పని ఇచ్చిన ప్రభుత్వ సంస్థ రాతపూర్వక అనుమతి లేకుండా తొలగించకూడదనీ, తొలగించాలంటే కారణం చూపుతూ ఐదు రోజుల ముందు నోటీసు ఇచ్చి జవాబు తీసుకోవాలనీ నియమం ఉంది. నేను ఆ నియమాన్ని ఉటంకిస్తూ ప్రాజెక్టు అధికారికి ఉత్తరం రాశాక పని నా దగ్గరే ఉంది. గుర్తింపు నాకు ఇచ్చింది పని కాదు, మాట్లాడే హక్కు.

ఇప్పుడున్న స్థితిలో కొత్త టెండర్లలో ఆ రక్షణ అంతగా ఉండదు. అయినా చెల్లింపుల నియమం ఉంది. ప్రైమ్‌కు డబ్బు అందిన 30 రోజుల్లోగా సబ్ కాంట్రాక్టర్‌కు చెల్లించాలన్నది డీబీఈలకే కాదు, ఆ కాంట్రాక్టులోని ప్రతి సబ్ కాంట్రాక్టర్‌కూ వర్తిస్తుంది. మనవాళ్లు మొహమాటానికి పోయి నెలల తరబడి అడగరు. అడగండి, రాతలో అడగండి, ప్రాజెక్టు అధికారికి నకలు పంపండి. రేపు పునఃపరిశీలన ముగిసి లక్ష్యాలు మళ్లీ పెడితే, అప్పటికి గుర్తింపు చేతిలో ఉన్నవారు కొద్దిమందే ఉంటారు. ఆ కొద్దిమందిలో మీరు ఉండాలి.

కృష్ణాతీరం:

ఒక భిన్నాభిప్రాయం చెబుతాను, ఎవరినీ నొప్పించాలని కాదు. భారతీయులను ఆ జాబితాలో ఉంచడం సమంజసమేనా అన్న ప్రశ్న నాకు ఎప్పటి నుంచో ఉంది. ఇక్కడికి వచ్చిన మనలో చాలామంది మంచి చదువుతో, మంచి జీతాలతో వచ్చాం. తరతరాలుగా ఇక్కడి రోడ్డు పనుల్లో కూలీలుగా ఉండి, కాంట్రాక్టర్లుగా ఎదగడానికి అడుగడుగునా అడ్డంకులు ఎదుర్కొన్న నల్లజాతి కుటుంబాలతో మనల్ని ఒకే వరుసలో నిలబెట్టడం నాకు న్యాయంగా తోచలేదు. ప్రతి ఒక్కరూ తమ కష్టాన్ని తామే చూపించుకోవాలన్న పద్ధతి ఆ దృష్టితో చూస్తే తప్పు కాదనిపిస్తుంది.

వేణు_షికాగో:

కృష్ణాతీరం గారూ, మీరు చెప్పిన దానిలో సగం ఒప్పుకుంటాను. కానీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్న భారతీయుడినీ, రోడ్డు మీద గార్డ్‌రైలు పని చేసే భారతీయుడినీ ఒకేలా చూడకండి. నిర్మాణ రంగంలో బాండింగ్, అంటే పని పూర్తి చేస్తామన్న పూచీకత్తు, దొరకాలంటే ముందు పనులు చేసిన చరిత్ర కావాలి, పనులు దొరకాలంటే బాండింగ్ కావాలి. తండ్రీ తాతలు ఇదే వ్యాపారంలో ఉన్న కుటుంబాలకు ఈ చిక్కు ఉండదు. అలాగే కొత్త పద్ధతిలో బాగా రాయగలవారు, న్యాయవాదిని పెట్టుకోగలవారు గట్టెక్కుతారు. మీరు చెప్పిన నల్లజాతి చిన్న కాంట్రాక్టరే, రోజంతా పని చేసి రాత్రి కూర్చుని కథనం రాయలేక గుర్తింపు పోగొట్టుకునే ప్రమాదం ఎక్కువ. నా దగ్గర ట్రక్కులు నడిపే ఒక పెద్దాయన పరిస్థితి అదే. ఆయన కాగితాలు నేనే దగ్గర కూర్చుని సర్దుతున్నాను.

కృష్ణాతీరం:

ఆ కోణం నేను ఆలోచించలేదు. మీరు చేస్తున్న పని మంచిది.

నిర్మల_డాలస్:

అందరికీ ధన్యవాదాలు. నా కథనంలో ఒక భాగాన్ని చిత్తుగా రాశాను. దయచేసి చూసి చెప్పండి.

‘2021లో మా సంస్థ నిర్వహణ ఖర్చుల కోసం 1,50,000 డాలర్ల లైన్ ఆఫ్ క్రెడిట్ కావాలని మా బ్యాంకును అడిగాము. తగినంత చరిత్ర లేదంటూ బ్యాంకు నిరాకరించింది. దీనివల్ల మేము చాలా ఇబ్బంది పడ్డాము. ఇన్వాయిస్‌లను ఒక ఫైనాన్స్ సంస్థకు అప్పగించి డబ్బు తీసుకోవలసి వచ్చింది. కొత్త కెమెరాలు కొనలేకపోయాము.’

రహదారి_ఇంజనీరు:

నిర్మల గారూ, సంఘటన సరైనదే ఎంచుకున్నారు. కానీ పరిశీలకుడి కుర్చీలో కూర్చుని చదివితే ఇందులో నాకు నాలుగు ఖాళీలు కనిపిస్తున్నాయి.

‘నిరాకరించింది’ అన్నారు, ఆ ఉత్తరం ఏది? అమెరికాలో వ్యాపార రుణం నిరాకరించినప్పుడు బ్యాంకు కారణాలతో నోటీసు ఇవ్వడమో, కారణాలు అడిగే హక్కు మీకు ఉందని తెలపడమో చేయాలి. మీ ఈమెయిల్‌లో అది ఉంటే జతచేయండి. లేకపోతే బ్యాంకు శాఖకు వెళ్లి ఆ దరఖాస్తు నకలు అడగండి.

‘చాలా ఇబ్బంది పడ్డాము’ అన్న వాక్యం తీసేయండి, దాని స్థానంలో అంకెలు పెట్టండి. ఫైనాన్స్ సంస్థ ప్రతి ఇన్వాయిస్ మీద ఎంత శాతం తీసుకుంది, మొత్తం ఎన్ని డాలర్ల ఇన్వాయిస్‌లు అలా వెళ్లాయి? ఆ రుసుముకూ, బ్యాంకు వడ్డీకీ తేడా ఎంత? ఆ తేడాయే మీ నష్టం.

‘కెమెరాలు కొనలేకపోయాము’ అన్నారు, దానివల్ల ఏ పని పోయింది? కెమెరాలు సరిపోవన్న కారణంతో ప్రైమ్ కంపెనీ మిమ్మల్ని వద్దన్న ఈమెయిల్ ఏదైనా ఉంటే, కథనం మొత్తంలో అదే బలమైన ఆధారం.

నాలుగవది అందరూ వదిలేసేది. మీలాంటి స్థితిలోనే ఉండి ఆటంకం లేనివారితో పోలిక చూపాలి. అదే ఏడాది దాదాపు అంతే ఆదాయం, అంతే వయసు ఉన్న మరో సంస్థకు అప్పు దొరికిందని చూపగలరా?

నిర్మల_డాలస్:

మీరు అడిగినవన్నీ వెతికాను. ఫైనాన్స్ సంస్థ ప్రతి ఇన్వాయిస్ మీద 3 శాతం తీసుకుంది. రెండేళ్లలో 3,10,000 డాలర్ల ఇన్వాయిస్‌లు అలా వెళ్లాయి కాబట్టి రుసుము 9,300 డాలర్లు అయింది. 2022లో అరవై కూడళ్ల లెక్కింపు పని ఒకటి మాకు ఇవ్వాలనుకుని, ఒకేసారి అన్ని చోట్ల పెట్టడానికి మా దగ్గర కెమెరాలు చాలవని మరొకరికి ఇచ్చినట్టు ప్రైమ్ కంపెనీ మేనేజర్ రాసిన ఈమెయిల్ దొరికింది. నిరాకరణ నోటీసు మాత్రం దొరకలేదు, సోమవారం బ్యాంకుకు వెళుతున్నాను. పోలిక విషయానికి వస్తే, నాతో పాటు ఒకే కంపెనీలో పనిచేసి, నేను మొదలుపెట్టిన ఏడాదే సర్వే సంస్థ పెట్టిన ఒక సహోద్యోగి ఉన్నాడు. అదే బ్యాంకు అతనికి అప్పు ఇచ్చింది. ఆ విషయాన్ని తన ఆదాయ వివరాలతో సహా రాసి సంతకం చేసి ఇస్తానన్నాడు.

రహదారి_ఇంజనీరు:

ఇప్పుడిది కథనం అయింది. ఆ సహోద్యోగి వాంగ్మూలంలో అతను పురుషుడనో, ఏ జాతివాడనో రాయించకండి. ఆదాయం, సంస్థ వయసు, అప్పు మొత్తం, వడ్డీ, తేదీ ఉంటే చాలు. రుసుమును బ్యాంకు వడ్డీతో పోల్చి తేడాను ఒక చిన్న పట్టికలో చూపండి. పోయిన కాంట్రాక్టు విలువ తెలిస్తే దాని మీద మీకు మామూలుగా మిగిలే లాభం శాతం వేసి నష్టం చెప్పండి, కాంట్రాక్టు మొత్తాన్నీ నష్టంగా చూపితే పరిశీలకుడికి నమ్మకం పోతుంది. ఇలాంటి సంఘటనలు మరో రెండు మూడు ఇదే పద్ధతిలో రాయండి. అందరికీ ఒకే నమూనా అమ్మే కన్సల్టెంట్లు ఇప్పుడు బయలుదేరారు. ఒకే వాక్యాలు పది దరఖాస్తుల్లో కనిపిస్తే పదీ అనుమానంలో పడతాయి కాబట్టి వాళ్ల జోలికి పోకండి.

కొత్తగా దరఖాస్తు చేసేవారికి కూడా ఒక మాట. దరఖాస్తుకు సాధారణంగా రుసుము ఉండదు. మీ సొంత రాష్ట్రంలో గుర్తింపు వచ్చాకే మరో రాష్ట్రంలో అడగండి, 2024 నియమం తరువాత ఆ రెండో మెట్టు చాలా సులువైంది. దరఖాస్తును తిరస్కరిస్తే 45 రోజుల్లోగా కేంద్ర రవాణా శాఖ పౌర హక్కుల కార్యాలయానికి అప్పీలు చేసుకోవచ్చు. అక్కడ కొత్త కథ చెప్పడానికి వీలుండదు, మొదట ఇచ్చిన కాగితాల మీదే తీర్పు ఉంటుంది. అందుకే నిర్మల గారూ, బ్యాంకు నోటీసు గడువులోగా చేతికి రాకపోతే, దాని కోసం మీరు రాతపూర్వకంగా అడిగిన ఉత్తరం నకలునైనా జతచేసి సమయానికి పంపండి, అందినట్టు రసీదు తీసుకోండి.